పేర్ల పట్టీ రాసిన చేతులు

ఇంటర్నెట్ చరిత్ర మీద దొరికే పుస్తకాల్లో యంత్రాలుంటాయి, తీగెలుంటాయి, వాటిని కనిపెట్టిన మగవాళ్ల పేర్లుంటాయి. ఆ యంత్రాలకు పేర్లు ఎవరు పెట్టారు, ఏ పేరు ఎవరిదో ఏళ్ల తరబడి కూర్చుని రాసిపెట్టింది ఎవరు అనే దగ్గరికి వచ్చేసరికి ఒకటి రెండు వాక్యాలతో సరిపెడతారు. అది గుమాస్తా పని కదా! గుమాస్తా పనికి చరిత్ర ఏమిటి అనుకుంటారు కాబోలు.

కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతో గుర్తుపడతాయి. మనుషులకు అన్ని అంకెలు గుర్తుండవు, పేర్లు కావాలి. ఫలానా పేరుకు ఫలానా అంకె అని చెప్పే పట్టీ ఎక్కడో ఒకచోట ఉండాలి. డొమైన్ పేర్ల వ్యవస్థ అని ఇవాళ మనం పిలిచేది, విడమరచి చెప్పుకుంటే, ఆ పట్టీయే. పట్టీలో పేరుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఈ సంగతి ఆడవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు ఎక్కించుకోవడానికి, రేషన్ కార్డులో ఇంటి పెద్దగా రాయించుకోవడానికి ఎన్ని తరాలు పట్టిందో మనకు తెలుసు. అందుకే ఈ పట్టీని ఎవరు రాశారు, తర్వాత అది ఎవరి చేతుల్లోకి పోయింది, దాని మీద నియమాలు ఎవరు చేస్తున్నారు అన్నది సాంకేతిక నిపుణులకు వదిలేసే విషయం కాదనుకుంటాను.

ఎలిజబెత్ ఫైన్లర్ 1931లో అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో, వీలింగ్ అనే ఊళ్లో పుట్టారు. తెలిసిన వాళ్లందరికీ ఆమె 'జేక్'. జీవరసాయన శాస్త్రంలో పరిశోధన చేద్దామని మొదలుపెట్టి, డబ్బు అవసరమై రసాయన శాస్త్ర వ్యాసాలకు సూచికలు తయారుచేసే సంస్థలో చేరారు. ప్రయోగశాల కంటే సమాచారాన్ని కూర్చిపెట్టే ఈ పనే ఆమెకు నచ్చింది. 1960లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు వచ్చారు. 1972లో అదే సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందంలో చేరినప్పుడు ఆమెకు అప్పగించిన మొదటి పని ఒక పుస్తకం. అప్పటికి ఇంటర్నెట్ లేదు, దాని పూర్వరూపమైన ఆర్పానెట్ ఉంది. ఆ అక్టోబరులో దాన్ని తొలిసారి బహిరంగంగా ప్రదర్శించబోతున్నారు. ఏ ఊళ్లో ఏ కంప్యూటర్ ఉంది, దానితో ఏం చేయొచ్చు, ఎవర్ని అడగాలి అన్నది చెప్పే పుస్తకం కావాలి. అలాంటిది అంతకుముందు లేదు. ఒక్కో చోటికీ ఫోన్ చేసి, అడిగి, రాసుకుని, సరిచూసుకుని తయారుచేయాలి.

రెండేళ్ల తర్వాత ఆమె ఆ వల సమాచార కేంద్రానికి అధిపతి అయ్యారు. 1989 దాకా ఆ పనిలోనే ఉన్నారు. కొత్త కంప్యూటర్ వలలోకి వస్తే దాని పేరు ఈ కేంద్రానికి చెప్పాలి. ఆ పేరు అంతకుముందే ఇంకొకరు పెట్టుకుని ఉంటే వేరేది చూసుకోమని వీళ్లు చెప్పాలి. పేర్లన్నీ ఒకే ఒక ఫైలులో ఉండేవి. వలలో ఉన్న ప్రతి చోటివాళ్లూ ఆ ఫైలును ఎప్పటికప్పుడు తెచ్చుకోవాలి. 1982లో ఆ పట్టీ ఎలా ఉండాలో నిర్దేశించిన పత్రం మీద మొదటి పేరు ఫైన్లర్‌దే. అదే ఏడు ఆమె కేంద్రం నుంచి ఇంకొక పత్రం వచ్చింది. అంతవరకూ కాగితం మీద అచ్చేస్తూ వచ్చిన మనుషుల జాబితాను, అంటే పేరు, చిరునామా, ఫోన్ నంబరు, కంప్యూటర్ ద్వారానే అడిగి తెలుసుకునే పద్ధతి అది. దాని పేరు 'హూయిజ్'. ఎవరిది, ఎవరు అని అడగడమే. ఒకరికొకరు తెలిసిన పరిశోధకులూ రక్షణ శాఖ ఉద్యోగులూ వాడుకునే టెలిఫోన్ డైరెక్టరీ అనుకోండి. ఆ మాట గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ దాని దగ్గరికి రావాలి.

వల పెరిగేకొద్దీ ఒక్క ఫైలు చాలలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ ఇప్పుడున్న డొమైన్ వ్యవస్థను రూపొందించాడు. ఒకే పట్టీ బదులు కొమ్మలు కొమ్మలుగా పంచుకున్న పట్టీలు. 1984 అక్టోబరులో కామ్, ఎడ్యు, గవ్, మిల్, ఆర్గ్ అనే పై స్థాయి పేర్లను ప్రకటించిన పత్రం మీద రెండు పేర్లున్నాయి: జాన్ పోస్టెల్, జాయిస్ రెనాల్డ్స్. ఆ పేర్ల కూర్పులో ఫైన్లర్ బృందానికీ పాత్ర ఉంది. నమోదు చేసే పనంతా వాళ్లదే. 1985 మార్చి 15న మొదటి డాట్ కామ్ పేరు వాళ్ల దగ్గరే నమోదైంది. డబ్బు తీసుకోలేదు. 1987లో డొమైన్ నిర్వాహకుల కోసం మార్గదర్శిని రాసిన మేరీ స్టాల్ కూడా ఆ కేంద్రంలో పనిచేసినావిడే.

జాన్ పోస్టెల్‌ని ఒక బ్రిటిష్ పత్రిక ఇంటర్నెట్‌కు దేవుడంటూ ఉంటే ఈయనే అన్నట్టు రాసింది. ఆయన నిరాడంబరుడు, నిజాయితీపరుడు. అందులో సందేహం లేదు. ఆయన చేసిందీ జాబితాలు రాసి, తప్పులు దిద్ది, ఎవరి అంకె ఎవరిదో గుర్తుపెట్టుకోవడమే. ఆ పనిలో ఏళ్ల తరబడి ఆయన పక్కన కూర్చున్నది జాయిస్ రెనాల్డ్స్. 2015 చివర్లో ఆమె చనిపోయినప్పుడు ఆ రంగంలో ఉన్నవాళ్లకు తప్ప బయట ఎంతమందికి తెలిసింది? ఒకే పని ఒకరు చేస్తే దైవత్వం, ఇంకొకరు చేస్తే సహాయం.

తర్వాతి కథ డబ్బుది. 1991లో నమోదు పని స్టాన్‌ఫర్డ్ సంస్థ చేతి నుంచి పోయింది. 1993 నుంచి నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీ ప్రభుత్వ ఒప్పందం కింద చేసింది. 1995 సెప్టెంబరులో ఆ కంపెనీ పేరుకు రెండేళ్లకు 100 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. 2000లో ఆ కంపెనీని వెరిసైన్ దాదాపు 2,100 కోట్ల డాలర్లకు, షేర్ల రూపంలో, కొనడానికి ఒప్పుకుంది. పదేళ్ల కిందట ఉచితంగా చేసిపెట్టిన గుమాస్తా పని విలువ అది!

ఇంత డబ్బు మూలుగుతున్న చోట పెత్తనం ఎవరిదన్న తగాదా రాక తప్పదు. అమెరికా ప్రభుత్వం ఒక మధ్యేమార్గం చూసింది. 1998 సెప్టెంబరు 30న కాలిఫోర్నియాలో లాభాపేక్ష లేని సంస్థగా ఐకాన్ నమోదైంది. రెండు వారాలకే, అక్టోబరు 16న, పోస్టెల్ చనిపోయాడు. ఐకాన్ తొలి బోర్డులో తొమ్మిది మంది. ఎవరూ ఎన్నికైన వాళ్లు కాదు. ఎలా ఎంచారో బయటివాళ్లకు చెప్పకపోవడం మీద పెద్ద గొడవే జరిగింది. ఆ తొమ్మిది మందిలో ముగ్గురు స్త్రీలు: అధ్యక్షురాలు ఎస్తర్ డైసన్, ర్యాడ్‌క్లిఫ్ కళాశాల అధ్యక్షురాలు లిండా విల్సన్, ఫ్రాన్స్ నుంచి జెరల్డీన్ కాప్‌దెబోస్క్. రెండేళ్ల తర్వాత, 2000 అక్టోబరులో, ఇంటర్నెట్ వాడే మామూలు మనుషులకు ఓటు ఇచ్చారు. ప్రపంచాన్ని అయిదు ప్రాంతాలు చేసి ఒక్కో ప్రాంతం నుంచి ఒక డైరెక్టర్. పేరు నమోదు చేసుకున్నవాళ్లు లక్షన్నరకు పైగా, ఓటు వేసినవాళ్లు సుమారు 34 వేలు. గెలిచిన అయిదుగురూ మగవాళ్లే. పైనుంచి వేసిన బోర్డులో ముగ్గురు స్త్రీలు, ప్రజాస్వామ్యంలో సున్నా. పంచాయతీల్లో రిజర్వేషన్ రాకముందు మన సర్పంచుల జాబితా చూసినవాళ్లకు ఇది వింతగా ఉండదు. రిజర్వేషన్ లేని ఎన్నిక ఎవరికి అనుకూలమో వేరే చెప్పాలా?

2002లో ఆ ఎన్నికల పద్ధతినే ఎత్తేశారు. దాని స్థానంలో నామినేటింగ్ కమిటీ వచ్చింది, వాడుకరుల తరఫున సలహా సంఘం వచ్చింది. అన్నిటికంటే ముఖ్యంగా, విధానాల తయారీ అంతా స్వచ్ఛంద కార్యకర్తలతో నడిచే బృందాలకు వెళ్లింది.

ఈ బృందాల పని తీరు కొంత చెప్పుకోవాలి. పేర్లు అమ్మే కంపెనీలు, వాణిజ్య ముద్రల యజమానులు, ఇంటర్నెట్ సేవల కంపెనీలు, లాభాపేక్ష లేని వాడుకరులు, వీళ్లందరి ప్రతినిధులు ఒక కార్యాచరణ బృందంగా కూర్చుంటారు. వారానికో ఫోన్ సమావేశం. వందల పేజీల పత్రాలు. ఏడాది, రెండేళ్లు, ఒక్కోసారి నాలుగేళ్లు. చివరికి కుదిరిన అంగీకారం మండలికీ, అక్కణ్నుంచి బోర్డుకీ వెళ్తుంది. బోర్డు ఆమోదిస్తే అది ఒప్పందాల ద్వారా పేర్లు అమ్మే కంపెనీలన్నిటికీ వర్తిస్తుంది. పార్లమెంటు లేదు, అయినా చట్టమంత బలం. ఈ పని చేసినందుకు జీతం లేదు. బోర్డు డైరెక్టర్లకైతే 2010 దశకం మొదట్లో పారితోషికం మొదలైంది. కింద బృందాల్లో కూర్చునేవాళ్లకు లేదు.

ఎవరైనా రావచ్చు, తలుపు తీసే ఉంది అంటారు. నిజమే, తీసే ఉంది. వాణిజ్య ముద్రల న్యాయవాది ఆ ఫోన్ సమావేశంలో కూర్చున్న గంటకు ఆయన కంపెనీ జీతం ఇస్తుంది. పట్టికలో ఆయనా స్వచ్ఛంద కార్యకర్తే. విశ్వవిద్యాలయంలో తాత్కాలిక ఉద్యోగం చేసుకుంటూ, వ్యక్తిగత గోప్యత కోసం అదే సమావేశంలో కూర్చున్న స్త్రీ కూడా స్వచ్ఛంద కార్యకర్తే. గ్రీన్‌విచ్ కాలమానం ప్రకారం మధ్యాహ్నం 2 గంటలకు పెట్టిన సమావేశం మనకు రాత్రి ఏడున్నర. పిల్లల అన్నాల వేళ, అత్తగారి మాత్రల వేళ. ఆ వేళకు చెవిలో ఫోన్ పెట్టుకుని గంటన్నర సేపు నిర్వచనాల మీద వాదించగలిగే ఆడది మన ఇళ్లల్లో ఎంతమంది?

'స్వచ్ఛందం' అన్న మాట మన దేశంలో ఇంకో రకంగా కూడా తెలుసు. ఊళ్లో బాలింతల గడప గడపకూ తిరిగే ఆశా కార్యకర్తను ప్రభుత్వం ఉద్యోగి అనదు, గౌరవ కార్యకర్త అంటుంది. ఉద్యోగి అంటే జీతం, పింఛను ఇవ్వాలి. ఒకే మాట అక్కడ అధికారానికి దారి, ఇక్కడ హక్కు ఎగ్గొట్టడానికి సాకు. రెండు చోట్లా లెక్కలోకి రానిది ఒకటే, ఆ సమయం ఎవరి ఒంట్లోంచి, ఎవరి ఇంట్లోంచి వచ్చిందన్నది.

ఇంత చెప్పాక ఆ బృందాలకు దూరంగా ఉండటమే మేలు అనిపించవచ్చు. నాకలా అనిపించదు. కారణం, ముందు గుర్తుపెట్టుకోమన్న ఆ టెలిఫోన్ డైరెక్టరీ.

హూయిజ్ పద్ధతి అలాగే కొనసాగింది. కొన్ని వందల మంది పరిచయస్తుల కోసం పుట్టిన జాబితా కోట్ల పేర్లకు విస్తరించింది. 1990ల చివరి నుంచి 2018 దాకా డాట్ కామ్ పేరు కొన్న ప్రతి మనిషి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ఈమెయిల్ ప్రపంచంలో ఎవరైనా చూసుకునేలా ఉండాలన్నదే నియమం. కొన్న మర్నాటి నుంచే వెబ్‌సైటు కట్టిపెడతామంటూ ఫోన్లు వచ్చేవి. అది చిన్న బాధ. కొట్టే భర్తను వదిలి వేరే ఊరు వెళ్లి, తన కథ తన పేజీలో రాసుకుందామనుకున్న స్త్రీకి అది చిన్న బాధ కాదు. బాధిత స్త్రీలకు ఆశ్రయమిచ్చే సంస్థకూ, కులం తక్కువదానివంటూ బెదిరింపులు అందుకునే రచయిత్రికీ, ప్రభుత్వాన్ని విమర్శించే పత్రికకూ అంతే. అబద్ధపు చిరునామా ఇస్తే పేరు రద్దు చేయవచ్చు. నిజం రాస్తే గుమ్మం ముందుకు ఎవరైనా రావచ్చు.

దీన్ని వాణిజ్య ముద్రల యజమానులు, పోలీసు శాఖలు గట్టిగా సమర్థించాయి. దొంగ వెబ్‌సైట్లను పట్టుకోవాలంటే చిరునామా కావాలి అని వాళ్ల వాదన. అందులో న్యాయం లేకపోలేదు. స్త్రీల నగ్నచిత్రాలు పెట్టి బెదిరించేవాణ్ని పట్టుకోవడానికీ చిరునామా కావాలి. కానీ న్యాయస్థానం అడిగితే ఇవ్వడం వేరు, వీధిలో గోడ మీద అంటించడం వేరు. యూరప్ వ్యక్తిగత సమాచార రక్షణ అధికారులు 2003 నుంచే ఇది తమ చట్టాలకు పొసగదని చెబుతూ వచ్చారు. ఐకాన్ దాన్ని పదిహేనేళ్లు నానబెట్టింది.

ఆ పదిహేనేళ్లూ లోపల కూర్చుని అడ్డం తిరిగినవాళ్లలో ఇద్దరు స్త్రీల గురించి చెప్పాలి. క్యాథీ క్లైమన్ న్యాయవాది. 1999లో ఐకాన్‌లో లాభాపేక్ష లేని వాడుకరుల విభాగాన్ని స్థాపించినవారిలో ఒకరు. మనకు ఆమె ఇంకో రకంగా దగ్గర. 1940లలో తయారైన ఎనియాక్ కంప్యూటర్‌కు తొలి ప్రోగ్రాములు రాసిన ఆరుగురు స్త్రీలను వెలికితీసింది ఈమే. 1980లలో విద్యార్థినిగా ఉన్నప్పుడు ఒక పాత ఫోటోలో ఆ యంత్రం పక్కన నిలబడ్డ ఆడవాళ్లెవరని అడిగితే, అందం కోసం నిలబెట్టిన మోడళ్లు అన్నారట. ఆ జవాబు ఆమెకు మింగుడుపడలేదు. వెతికి, ఆ స్త్రీలను కలిసి, వాళ్ల మాటలు నమోదు చేసి, 2014లో డాక్యుమెంటరీ, 2022లో పుస్తకం తెచ్చారు. మరుగున పడ్డ స్త్రీల పేర్లను బయటపెట్టిన మనిషే, బయటపడకూడని స్త్రీల చిరునామాలను దాచడం కోసం ఏళ్ల తరబడి వాదించడంలో నాకు వైరుధ్యం కనిపించదు. పేరు ఎప్పుడు చెప్పాలో, ఎవరికి చెప్పాలో ఆ పేరు గలావిడే నిర్ణయించుకోవాలి.

రెండో ఆవిడ స్టెఫానీ పెర్రిన్. కెనడా ప్రభుత్వంలో పనిచేసి, ఆ దేశపు వ్యక్తిగత సమాచార చట్టం తయారీలో పాలుపంచుకున్నారు. హూయిజ్ బదులు ఏం పెట్టాలో చెప్పమని ఐకాన్ వేసిన నిపుణుల బృందం 2014లో నివేదిక ఇచ్చినప్పుడు, సభ్యురాలిగా ఉండి భిన్నాభిప్రాయం రాసింది ఆమె ఒక్కరే. సమాచారం బయటపెట్టడానికి ఒప్పుకుంటేనే పేరిస్తామన్నప్పుడు అది ఒప్పుకోలు ఎలా అవుతుంది అన్నది గోప్యత పక్షం అడుగుతూ వచ్చిన ప్రశ్న. మనకు పెళ్లిచూపుల నుంచీ తెలిసిన ప్రశ్నే. ఆ పోరాటం మీదే పెర్రిన్ 2018లో టొరంటో విశ్వవిద్యాలయానికి డాక్టరేట్ గ్రంథం సమర్పించారు.

2015లో ఇంకో మెలిక వచ్చింది. అప్పటికి చిరునామా బయటపడకుండా తమ చిరునామా ఇచ్చి అడ్డుగా నిలిచే గోప్యతా సేవలు ఉండేవి, కాస్త డబ్బు పెట్టుకోగలిగినవాళ్లకు. లావాదేవీలు జరిగే సైట్లకు ఆ అడ్డు ఉండకూడదని బృందంలో కొందరు ప్రతిపాదించారు. వినడానికి సబబుగానే ఉంది, వ్యాపారి చిరునామా కొనేవాడికి తెలియొద్దా? కానీ ఇంట్లోంచే పచ్చళ్లు అమ్ముకునే స్త్రీకి దుకాణం చిరునామా, ఇంటి చిరునామా ఒకటే. పుస్తకం తన పేజీలోనే అమ్ముకునే రచయిత్రికీ అంతే. వేల సంఖ్యలో అభ్యంతరాలు వచ్చాయి. ఆన్‌లైన్ వేధింపులకు వ్యతిరేకంగా పనిచేసే స్త్రీలూ, హక్కుల సంఘాలూ కలిసి బహిరంగ లేఖ రాశారు. తుది నివేదికలో ఆ ప్రతిపాదన లేదు.

చివరికి తలుపు మూయించింది మాత్రం యూరప్ చట్టం. భారీ జరిమానాలతో కొత్త సమాచార రక్షణ చట్టం 2018 మే 25న అమల్లోకి వస్తుందనగా, ఎనిమిది రోజుల ముందు, మే 17న, ఐకాన్ బోర్డు హడావుడిగా తాత్కాలిక నియమాలు చేసి చిరునామాలను మరుగుపరచడానికి ఒప్పుకుంది. పదిహేనేళ్ల వాదనకు లొంగనిది జరిమానాకు లొంగింది. అయితే తాత్కాలికాన్ని శాశ్వతం చేయడానికి మళ్లీ స్వచ్ఛంద బృందమే కావాల్సి వచ్చింది. 2018 ఆగస్టు నుంచి 2019 ఫిబ్రవరి దాకా సాగిన ఆ పనిలో లాభాపేక్ష లేని వాడుకరుల తరఫున పెర్రిన్ కూర్చున్నారు. మిగతావాళ్లు ఏళ్ల తరబడి చదివి వాదించి ఉండకపోతే ఆ ఆరు నెలల్లో ఏ వాక్యం ఎక్కడ పెట్టాలో తెలిసినవాళ్లు ఉండేవారు కాదు.

ఇక్కడ ఇంకో సంగతి. 2016 మార్చిలో మొరాకోలోని మరాకేష్‌లో జరిగిన ఐకాన్ సమావేశంలో తనపై లైంగిక వేధింపు జరిగిందని మన దేశపు విద్యార్థిని ఒకామె ఫిర్యాదు చేసింది. మర్యాదగా ప్రవర్తించాలని చెప్పే సాధారణ నియమావళి తప్ప వేధింపుల మీద ప్రత్యేక విధానం అప్పటికి ఆ సంస్థ దగ్గర లేదు. ఆమె ఉద్యోగి కాదు, ఎదుటివాడూ కాదు. అందరూ స్వచ్ఛందమే. యజమాని లేని చోట ఎవరికి చెప్పుకోవాలి? మన 2013 చట్టం ఈ విషయంలో ముందుంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధక చట్టం 'ఉద్యోగి' అన్న మాటకిచ్చిన నిర్వచనంలో జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లను కూడా చేర్చింది. విశాఖ తీర్పు కోసం, ఆ తర్వాత చట్టం కోసం కొట్లాడిన భారతీయ స్త్రీలు సాధించినది అది. ఐకాన్‌లో స్త్రీలు ఏడాదిపాటు పట్టుబట్టాక 2017 మార్చిలో వేధింపుల వ్యతిరేక విధానం ఆమోదం పొందింది.

ఆ మధ్యలోనే ఐకాన్ హైదరాబాద్ వచ్చింది. 2016 నవంబరు 3 నుంచి 9 వరకు, మాదాపూర్‌లో. అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ అక్టోబరు 1న ముగిశాక జరిగిన మొదటి సమావేశం అది. ఇంకో రోజులో ముగుస్తుందనగా పెద్ద నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. మన పత్రికల్లో ఆ వారం ఇంక దేనికి చోటుంటుంది?

తెలుగుకు సంబంధించిన పని మాత్రం చడీచప్పుడూ లేకుండా సాగుతూనే ఉంది. తెలుగు లిపిలో 'భారత్' అనే పై స్థాయి పేరు 2011లోనే మూల పట్టీలో చేరింది. పేరులో ఏ అక్షరం తర్వాత ఏ గుర్తు రావచ్చు, తెలుగు కన్నడ లిపుల్లో ఒకేలా కనిపించే అక్షరాలతో మోసం జరగకుండా ఏం చేయాలి అన్న నియమాలను, తొమ్మిది భారతీయ లిపుల కోసం ఏర్పడిన స్వచ్ఛంద నిపుణుల బృందం తయారుచేసి 2019లో తెలుగు ప్రతిపాదన ఇచ్చింది. అరసున్న మీదా బండి 'ఱ' మీదా మనం పత్రికల్లో పేజీలకు పేజీలు వాదించుకున్నాం. మన అక్షరాలు ప్రపంచపు పట్టీలోకి ఏ షరతుల మీద వెళ్తాయో తేలుతున్నప్పుడు మన సాహిత్య సభల్లో ఆ ఊసే వినలేదు.

ఎస్తర్ డైసన్ 2000లో దిగిపోయాక ఐకాన్ బోర్డు అధ్యక్ష స్థానంలో వరసగా అయిదుగురు మగవాళ్లు కూర్చున్నారు. 2022 సెప్టెంబరులో త్రిప్తి సిన్హా ఆ స్థానంలోకి వచ్చారు, ఇరవై రెండేళ్ల తర్వాత. డైరెక్టర్లు అన్ని ఖండాల నుంచీ ఉండాలని ఐకాన్ నియమావళిలో ఉంది. స్త్రీలు ఇంతమంది ఉండాలని లేదు. 2018లో ఒక స్వచ్ఛంద బృందం వైవిధ్యానికి ఏడు కొలతలు రాసి అందులో లింగాన్నీ చేర్చింది. కొలతలంటే కోటా కాదు.

2025 జనవరి 28తో, డాట్ కామ్ లాంటి పేర్లకు హూయిజ్ సేవ నడపాలన్న నిబంధన ముగిసింది. దాని స్థానంలో, అడిగినవాళ్లెవరో చూసి ఎంత చూపించాలో నిర్ణయించగలిగే కొత్త పద్ధతి వచ్చింది. ఫైన్లర్ కేంద్రం ఆ డైరెక్టరీని కంప్యూటర్‌లోకి ఎక్కించి అప్పటికి 43 ఏళ్లు. ఆ పాత కాగితాలను, అచ్చు డైరెక్టరీలతో సహా, ఫైన్లర్ పారేయకుండా పెట్టెల్లో దాచి కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర మ్యూజియానికి ఇచ్చారు.